యాప్‌లో వచ్చే వాయిస్ కాల్‌ను మోగించడానికి ఏ పద్ధతి ఎంచుకోవాలి: తిరుపతి, చిత్తూరు చిన్న బృందాల కోసం ఒక పోలిక

ఒక యాప్‌లో ఇద్దరు మాట్లాడుకునే ఏర్పాటు చేయడం ఈనాడు పెద్ద కష్టమేమీ కాదు. ఇంటర్నెట్ మీద మాటనూ వీడియోనూ నడిపే వెబ్‌ఆర్‌టీసీ అనే సాంకేతికత ఆధారంగా మాటను అటూ ఇటూ చేరవేసే సాధనాలు ఉచితంగానూ దొరుకుతున్నాయి, డబ్బుకూ దొరుకుతున్నాయి. కష్టమంతా అంతకు ముందరి ఘట్టంలో ఉంది. అవతలి వ్యక్తి ఫోన్ జేబులో ఉంటుంది, స్క్రీన్ లాక్ అయి ఉంటుంది, యాప్ ఎప్పుడో మూతపడి ఉంటుంది. ఆ స్థితిలో ఉన్న ఫోన్‌ను కొద్ది సెకన్లలో లేపి, మామూలు ఫోన్ కాల్ మోగినట్టే మోగించాలి. ఈ పనికి ఉన్న పద్ధతులు ఏవి, ఏ సందర్భానికి ఏది తగును అన్నదే ఈ వ్యాసంలోని విషయం.

తిరుపతి, చిత్తూరు ప్రాంతాలలో చిన్న బృందాలు తయారుచేసే యాప్‌లలో ఈ అవసరం రకరకాల రూపాలలో ఎదురవుతుంది. రేణిగుంట జంక్షన్‌లో రైలు దిగిన ప్రయాణికుడు క్యాబ్ డ్రైవర్‌తో మాట్లాడాలి. చిత్తూరులోని వైద్యుడు కుప్పం, పుంగనూరు, పలమనేరు వైపు ఊళ్లలో ఉన్న రోగిని పిలిచి మాట్లాడాలి. అపార్ట్‌మెంట్ గేటు దగ్గరి వాచ్‌మన్ నాలుగో అంతస్తులోని వారిని అడిగి వచ్చిన మనిషిని పైకి పంపాలి. లాడ్జి గదిలో దిగినవారు రిసెప్షన్‌ను పిలవాలి. ఈ నాలుగింటికీ ఒకే ఎస్‌డీకే, అంటే యాప్‌లో చేర్చుకునే సిద్ధమైన కోడ్ మూట, తెచ్చి పెట్టుకుంటే సరిపోతుందని చాలామంది అనుకుంటారు, మొదటి ప్రశ్నగా ఏ ఎస్‌డీకే మంచిదని అడుగుతారు. నా ఉద్దేశంలో మొదట అడగవలసిన ప్రశ్నలు వేరే రెండు ఉన్నాయి: కాల్ చేసిన మనిషి ఎంతసేపు ఆగగలడు, అవతలివారు ఎత్తకపోతే అతడు తరువాత ఏమి చేస్తాడు. ఈ రెండింటికీ జవాబు రాసుకున్నాక పద్ధతి దాదాపు తనంతట తానే తేలుతుంది.

అసలు యాప్ కాల్ అవసరమా

క్యాబ్ విషయమే తీసుకుందాం. డ్రైవర్‌కూ ప్రయాణికుడికీ మధ్య మాట సాధారణంగా అర నిమిషం మించదు: ఎక్కడున్నారు, ఏ గేటు దగ్గర నిలబడ్డారు, సామాను ఎంత ఉంది. ఇద్దరి ఫోన్లలోనూ సిమ్ ఉంటుంది. అలిపిరి దాటి ఘాట్ రోడ్డు ఎక్కాక మలుపుల దగ్గర డేటా బలహీనపడినా మామూలు వాయిస్ కాల్ కొంతవరకు నిలబడే అవకాశం ఉంది. ఇక్కడ యాప్ కాల్ పెట్టడానికి చెప్పే కారణం ఒక్కటే, ఒకరి నంబరు ఇంకొకరికి తెలియకూడదని. ఆ అవసరాన్ని టెలికాం లైసెన్సు ఉన్న సంస్థల ద్వారా నడిచే నంబర్ మాస్కింగ్ సేవ తీరుస్తుంది; నిమిషానికి కొంత చెల్లించాలి, కానీ పుష్ నోటిఫికేషన్ (సర్వర్ నుంచి ఫోన్‌కు వచ్చే సందేశం), బ్యాటరీ సెట్టింగులు, అనుమతులు అన్న గొడవ ఏదీ ఉండదు. ఇటువంటి చోట యాప్ కాల్‌ను నేను సిఫారసు చేయను.

యాప్ కాల్ నిజంగా విలువ చేసేది వేరే చోట. వీడియో కావలసినప్పుడు, మాట్లాడుతూనే రిపోర్టునో ఫొటోనో ఇద్దరూ చూడవలసినప్పుడు, విదేశంలో ఉన్న కొడుకో కూతురో కూడా అదే కాల్‌లో చేరవలసినప్పుడు, సిమ్ లేని ట్యాబ్లెట్‌కు కాల్ వెళ్లవలసినప్పుడు, ఒకే పిలుపు ఒక ఇంట్లోని మూడు ఫోన్లలో ఒకేసారి మోగవలసినప్పుడు మామూలు ఫోన్ కాల్ చాలదు. మీ సందర్భం వీటిలో ఒకటైతేనే మిగిలిన వ్యాసం మీకు పనికొస్తుంది.

సాకెట్ తెరిచి ఉంచడం, మామూలు నోటిఫికేషన్ పంపడం

అందరికీ ముందుగా తోచే పద్ధతి, యాప్ సర్వర్‌తో ఎప్పుడూ ఒక వెబ్‌సాకెట్ కనెక్షన్, అంటే రెండు వైపులా సమాచారం నడిచేలా తెరిచే ఉండే దారి, పట్టుకుని ఉండడం. కాల్ రాగానే అదే దారిలో సమాచారం వస్తుంది, మధ్యలో ఎవరి ప్రమేయమూ ఉండదు, ఆలస్యం చాలా తక్కువ. కానీ 2015లో వచ్చిన ఆండ్రాయిడ్ 6.0 నుంచి డోజ్ అనే ఏర్పాటు ఉంది. ఫోన్ కదలకుండా, ఛార్జింగ్‌లో లేకుండా, స్క్రీన్ ఆరి కొంతసేపు ఉంటే యాప్‌లకు నెట్‌వర్క్ అందకుండా పోతుంది. ఐఫోన్‌లోనైతే యాప్ వెనక్కి వెళ్లిన కొద్దిసేపటికే దాన్ని సిస్టమ్ నిలిపివేస్తుంది, సాకెట్ కూడా దానితోనే పోతుంది. కాబట్టి జేబులో ఉండే ఫోన్‌కు ఈ పద్ధతి పనికిరాదు. రిసెప్షన్ బల్ల మీద ఎప్పుడూ ఛార్జర్‌కు తగిలించి, యాప్ తెరిచి, స్క్రీన్ వెలిగి ఉండే ట్యాబ్లెట్‌కు మాత్రం ఇదే అన్నిటికన్నా సులువైనది, నమ్మదగినది. లాడ్జి రిసెప్షన్ కోసం, కింద చెప్పబోయే పుష్‌కిట్ దాకా వెళ్లడం వృథా శ్రమ.

రెండవది, మామూలు నోటిఫికేషన్. "డాక్టర్ గారు పిలుస్తున్నారు" అన్న వాక్యం, దానితోపాటు ఒక శబ్దం. చేయడానికి ఒక పూట చాలు. ఐఫోన్‌లో నోటిఫికేషన్ శబ్దం ముప్పై సెకన్లు మించకూడదు. ఎత్తు, వద్దు అనే బొత్తాలతో పూర్తి కాల్ తెర రాదు. 2021లో ఐఓఎస్ 15తో వచ్చిన టైమ్ సెన్సిటివ్ స్థాయిని వాడుకుంటే నోటిఫికేషన్లను ఆపి ఉంచే ఫోకస్ మోడ్‌ను దాటి కనిపించే వీలు కొంత పెరుగుతుంది, అంతే. ముందే సమయం అనుకుని ఉన్న వైద్య సంప్రదింపుకు, అంటే రోగి ఆ పది నిమిషాలూ ఫోన్ చేతిలో పట్టుకుని ఎదురుచూస్తూ ఉండే సందర్భానికి, ఇది నిజంగానే సరిపోతుంది. అనుకోకుండా వచ్చే కాల్‌కు సరిపోదు.

ఐఫోన్: పుష్‌కిట్, కాల్‌కిట్

ఐఫోన్‌లో అనుకోకుండా వచ్చే కాల్‌కు సరైన దారి ఇది. 2014లో ఐఓఎస్ 8తో వచ్చిన పుష్‌కిట్ ద్వారా వాయిస్ కాల్ పుష్ పంపాలి, 2016లో ఐఓఎస్ 10తో వచ్చిన కాల్‌కిట్ ద్వారా సిస్టమ్ వారి కాల్ తెరను చూపించాలి. పుష్‌కిట్ పుష్ వస్తే పూర్తిగా మూతపడిన యాప్‌ను కూడా సిస్టమ్ వెనుక నుంచి తెరుస్తుంది. ఈ సౌకర్యాన్ని కొన్ని యాప్‌లు కాల్‌తో సంబంధం లేని పనులకు వాడుకున్నందువల్ల 2019లో ఐఓఎస్ 13 నుంచి నియమం కఠినమైంది: వాయిస్ పుష్ అందుకున్న యాప్ వెంటనే ఒక ఇన్‌కమింగ్ కాల్‌ను కాల్‌కిట్‌కు తెలియజేయాలి. తెలియజేయకపోతే సిస్టమ్ యాప్‌ను ఆపేస్తుంది. మళ్లీ మళ్లీ అలాగే జరిగితే ఆ యాప్‌కు వాయిస్ పుష్‌లు ఇవ్వడమే మానేస్తుంది.

ఈ ఒక్క నియమం నుంచి డిజైన్‌కు సంబంధించిన నిర్ణయాలు చాలా పుడతాయి, అందుకే దీని దగ్గర కొంచెం ఎక్కువసేపు ఆగాలి. పుష్ రాగానే ముందు సర్వర్‌ను అడిగి, కాల్ ఇంకా బతికే ఉందని తేలాక మోగిద్దామనే ఆలోచన సహజంగా వస్తుంది. ఐఫోన్‌లో అలా చేయకూడదు. పుష్‌లో వచ్చిన వివరాలతోనే ముందు కాల్‌ను తెలియజేసి, ఆ తరువాత సర్వర్‌ను అడిగి, కాల్ అప్పటికే ముగిసి ఉంటే ముగిసినట్టు సిస్టమ్‌కు చెప్పాలి. అంటే పిలిచినవారి పేరు, కాల్ గుర్తింపు సంఖ్య ఆ పుష్‌లోనే ఉండాలి. దానికి పరిమాణం 5 కేబీ వరకు అనుమతి ఉంది, మామూలు పుష్‌కైతే 4 కేబీ మాత్రమే.

కాల్ రద్దు విషయం ఇంకా ముఖ్యం. పిలిచిన మనిషి ఐదు సెకన్లకే ఫోన్ పెట్టేశాడనుకుందాం. "కాల్ రద్దయింది" అని మరో వాయిస్ పుష్ పంపితే, ఆ పుష్‌కు కూడా యాప్ ఒక కాల్‌ను తెలియజేయవలసి ఉంటుంది. జాగ్రత్త లేకపోతే రద్దు సమాచారమే ఇంకొక కాల్‌గా తెర మీద ఒక్కసారి మెరిసి పోతుంది. అందువల్ల మొదటి పుష్‌తో యాప్ మేలుకోగానే సర్వర్‌కు ఒక సాకెట్ తెరిచి, రద్దు సమాచారాన్ని ఆ దారిలో అందుకోవడం మంచిది. ఎస్‌డీకే అమ్మేవారిని అడగవలసిన ప్రశ్నలలో ఇది మొదటిది: మీ దగ్గర రద్దు ఏ దారిలో వస్తుంది. తడుముకోకుండా జవాబు చెప్పగలిగినవారు ఈ పని నిజంగా చేసినవారని నా నమ్మకం.

మిగిలినవి క్లుప్తంగా చెబుతాను. పుష్‌కిట్ ఇచ్చే టోకెన్ (ఆ ఫోన్‌లోని యాప్‌కు పుష్ పంపడానికి చిరునామా వంటిది), మామూలు నోటిఫికేషన్ టోకెన్ రెండూ వేరు. సర్వర్‌లో రెండింటినీ విడివిడిగా దాచాలి. పంపేటప్పుడు టాపిక్‌లో బండిల్ ఐడీ (యాప్ గుర్తింపు పేరు) చివర చుక్క పెట్టి వీఓఐపీ (voip, అంటే ఇంటర్నెట్ మీద వాయిస్) అని చేర్చాలి, పుష్ రకం కూడా వీఓఐపీ అనే ఉండాలి. మాట మొదలుపెట్టే ఆడియో పనిని, ఆడియో సెషన్ సిద్ధమైందని కాల్‌కిట్ చెప్పిన తరువాతే చేయాలి. తొందరపడి ముందే మొదలుపెడితే లాక్ స్క్రీన్ నుంచి ఎత్తిన కాల్‌లో ఒక పక్క మాట వినపడకపోవడం అన్న ఫిర్యాదు వస్తుంది.

ఒకే కోడ్‌తో రెండు రకాల ఫోన్లకూ యాప్ చేసే ఫ్లట్టర్‌తోనో రియాక్ట్ నేటివ్‌తోనో పనిచేసే బృందాలు ఇక్కడ ఒక సంగతి గుర్తుంచుకోవాలి. గూగుల్ వారి పుష్ సేవ అయిన ఫైర్‌బేస్ క్లౌడ్ మెసేజింగ్, అంటే ఎఫ్‌సీఎం, ఐఫోన్‌కు మామూలు నోటిఫికేషన్లు చేరవేస్తుంది గాని పుష్‌కిట్ పుష్‌లు పంపదు. ఆండ్రాయిడ్‌కు ఎఫ్‌సీఎం, ఐఫోన్‌కు నేరుగా ఆపిల్ వారి పుష్ సేవ ఏపీఎన్‌ఎస్, ఇలా సర్వర్‌లో రెండు దారులు తప్పవు. ఒకే దారితో పని జరిగిపోతుందని క్లయింటుకు ముందే మాట ఇచ్చేస్తే తరువాత పని రోజులు పెరుగుతాయి.

ఆండ్రాయిడ్: ఎంపికలు ఇక్కడే ఎక్కువ

ఆండ్రాయిడ్‌లో ఎఫ్‌సీఎం ద్వారా రెండు రకాల సందేశాలు పంపవచ్చు. నోటిఫికేషన్ సందేశం పంపితే, యాప్ వెనుక ఉన్నప్పుడు దాన్ని సిస్టమే చూపించేస్తుంది. యాప్‌లోని కోడ్‌కు ఆ సంగతి తెలియదు, కాల్ తెర రాదు. కాల్‌కు డేటా సందేశమే పంపాలి, ప్రాధాన్యం హై అని పెట్టాలి. హై ప్రాధాన్యం ఉన్న సందేశం డోజ్‌లో ఉన్న ఫోన్‌ను కూడా లేపుతుంది. అయితే ఆ ప్రాధాన్యాన్ని కాల్‌కు మాత్రమే వాడాలి. హై అని పంపిన సందేశాలు వచ్చినప్పుడల్లా యాప్ వినియోగదారుకు ఏమీ చూపించకపోతే వాటిని గూగుల్ మామూలు ప్రాధాన్యానికి దించే అవకాశం ఉంది. ఆఫర్ల ప్రకటనలకూ, వెనుక జరిగే డేటా సమన్వయానికీ కూడా హై వాడిన యాప్‌లో, అసలు కాల్ వచ్చిన రోజున ఫోన్ ఆలస్యంగా లేస్తుంది.

సందేశం ఆయుష్షు అంతకన్నా ముఖ్యం. ఏమీ చెప్పకుండా పంపితే ఎఫ్‌సీఎం ఆ సందేశాన్ని నాలుగు వారాల వరకు దాచి, ఫోన్ అందుబాటులోకి వచ్చినప్పుడు ఇస్తుంది. తిరుమలలో దర్శనానికి వెళ్లేవారు ఫోన్లు కౌంటరులో అప్పగించి వెళతారు, చాలామంది స్విచాఫ్ చేసే ఇస్తారు. గంటల తరువాత బయటికి వచ్చి ఫోన్ ఆన్ చేయగానే, పొద్దున ఎప్పుడో ముగిసిపోయిన కాల్ అప్పుడు మోగితే, ఆ మనిషి ఆదుర్దాగా ఎత్తుతాడు, అవతల ఎవరూ ఉండరు. ఇది జరగకుండా ఆయుష్షును సెకన్లలో చెప్పాలి. సున్నా పెడితే ఆ క్షణానికి అందితే అందినట్టు, లేకపోతే సందేశం పోయినట్టు. ఘాట్ మలుపుల్లో, లిఫ్టులో, సెల్లార్ పార్కింగులో పది సెకన్లు సిగ్నల్ పోవడం మామూలే గనుక సున్నా కన్నా, కాల్ ఎంతసేపు మోగాలని నిర్ణయించారో దానికి కొంచెం తక్కువగా, ఇరవై అయిదు ముప్పై సెకన్లు పెట్టడం నాకు సబబుగా తోస్తుంది. ఐఫోన్ పుష్‌కు కూడా ఎక్స్‌పిరేషన్ అనే హెడర్ ఉంది, అక్కడ ఆపిల్ సలహా సున్నా లేదా కొద్ది సెకన్లు. ఆలస్యంగా అందినదాన్ని గుర్తించడానికి ఫోన్ గడియారాన్ని నమ్మవద్దు, కొన్ని ఫోన్లలో అది తప్పుగా ఉంటుంది. ఆండ్రాయిడ్‌లోనైతే మోగించే ముందే సర్వర్‌ను అడగవచ్చు, అక్కడ ఆ స్వేచ్ఛ ఉంది.

సందేశం అందాక కాల్‌ను ఎలా చూపించాలన్నదే అసలు ఎంపిక. 2019లో ఆండ్రాయిడ్ 10 నుంచి, వెనుక ఉన్న యాప్ తనంతట తాను తెర తెరవడం కుదరదు. ఫుల్ స్క్రీన్ ఇంటెంట్ (పూర్తి తెర తెరవమన్న సూచన) ఉన్న నోటిఫికేషన్ ద్వారానే లాక్ స్క్రీన్ మీద కాల్ తెర వస్తుంది. ఫోన్ వాడుతూ ఉన్నప్పుడైతే పై భాగంలో పట్టీగా కనిపిస్తుంది. 2021లో ఆండ్రాయిడ్ 12 తెచ్చిన కాల్ స్టైల్ నోటిఫికేషన్‌లో ఎత్తు, వద్దు అనే బొత్తాలు సిస్టమే ఇస్తుంది. 2022లో ఆండ్రాయిడ్ 13 నుంచి నోటిఫికేషన్లకే వినియోగదారు అనుమతి కావాలి. 2023లో ఆండ్రాయిడ్ 14తో ఫుల్ స్క్రీన్ ఇంటెంట్ అనుమతి కాల్, అలారం యాప్‌లకే పరిమితమైంది. ప్లే స్టోర్‌లో మీ యాప్ ప్రధాన పని కాల్ అని చూపించలేకపోతే ఆ అనుమతి ముందుగా ఉండదు, వినియోగదారును సెట్టింగులకు పంపి అడగాలి. పాలు, కూరగాయలు అమ్మే యాప్‌లో పక్కన ఒక కాల్ సౌకర్యం చేర్చినవారికి ఈ నియమం గట్టిగా తగులుతుంది. అటువంటివారు లాక్ స్క్రీన్ మీద పూర్తి తెర వస్తుందన్న ఆశ వదులుకుని, పై పట్టీతోనే పని జరిగేలా డిజైన్ చేసుకోవడం మేలు.

ఇక్కడ రెండు దారులున్నాయి. మొదటిది, కాల్ స్టైల్ నోటిఫికేషన్, దానికి తోడు ఫోర్‌గ్రౌండ్ సర్వీస్ (నోటిఫికేషన్ చూపిస్తూ ఆగకుండా నడిచే యాప్ భాగం), ఇంకేమీ లేకుండా. రెండవది, ఆండ్రాయిడ్ 8.0 నుంచి ఉన్న సెల్ఫ్ మేనేజ్డ్ కనెక్షన్ సర్వీస్ ద్వారా, లేదా దాని మీద గూగుల్ వారి జెట్‌ప్యాక్ లైబ్రరీల సమితి ఇచ్చే కోర్ టెలికాం లైబ్రరీ ద్వారా, మన కాల్‌ను ఫోన్‌లోని టెలికాం వ్యవస్థకు పరిచయం చేయడం. మొదటిది త్వరగా పూర్తవుతుంది. యాప్ కాల్ నడుస్తుండగా సిమ్ కాల్ వస్తే ఎవరి మైకు ఎవరికన్న తగువు దానితో తీరదు. రెండవదానిలో సిమ్ కాల్‌తో సమన్వయం, బ్లూటూత్ హెడ్‌సెట్ బొత్తాలు, కారులోని స్పీకర్ వంటివి సిస్టమ్ చూసుకుంటుంది, కానీ పని ఎక్కువ, పరీక్ష ఇంకా ఎక్కువ. వినియోగదారులలో రోజంతా బండి నడిపేవారు, హెడ్‌సెట్‌తో పనిచేసేవారు, రెండు సిమ్‌లతో నిరంతరం కాల్స్ అందుకునేవారు ఉంటే మొదటి రోజు నుంచే టెలికాం దారి పట్టండి. ఇంట్లో కూర్చుని రోజుకు ఒక కాల్ ఎత్తే రోగికైతే కాల్ స్టైల్ చాలు.

ఏ దారి పట్టినా రెండు సంగతులు ముందే సరిచూసుకోవాలి. నోటిఫికేషన్ ఛానెల్ (ఒక రకం నోటిఫికేషన్లన్నిటికీ ఉండే వర్గం) ప్రాముఖ్యాన్నీ, శబ్దాన్నీ దాన్ని సృష్టించినప్పుడే నిర్ణయించాలి, తరువాత యాప్ వాటిని పెంచలేదు. కాబట్టి కాల్స్ కోసం మొదటి విడుదల నుంచే విడిగా ఒక ఛానెల్ ఉండాలి. ఇక మైకు వాడే ఫోర్‌గ్రౌండ్ సర్వీస్‌ను వెనుక నుంచి మొదలుపెట్టడానికి కొత్త ఆండ్రాయిడ్‌లు ఒప్పుకోవు. మోగుతున్నప్పుడు ఫోన్ కాల్ రకం సర్వీస్‌గా ఉంచి, వినియోగదారు ఎత్తి యాప్ ముందుకు వచ్చాక మైకు రకాన్ని చేర్చాలి.

ఫోన్ తయారీదారులు తమ సొంతంగా పెట్టిన బ్యాటరీ నియంత్రణలు ఇంకొక అడ్డంకి. షావోమీ, వివో, ఒప్పో, రియల్‌మీ ఫోన్లు మన జిల్లాల్లో ఎక్కడ చూసినా కనిపిస్తాయి. వాటిలో ఆటోస్టార్ట్, వెనుక పనిచేయడం, లాక్ స్క్రీన్ మీద కనిపించడం వంటి అనుమతులు మోడల్‌ను బట్టి ఒక్కొక్క చోట ఒక్కొక్క పేరుతో ఉంటాయి. సెట్టింగులలోకి వెళ్లి యాప్‌ను ఫోర్స్ స్టాప్ చేస్తే, వినియోగదారు మళ్లీ తెరిచేదాకా ఏ ఫోన్‌లోనూ పుష్ అందదు. కోడ్ ఎంత బాగా రాసినా దీన్ని దాటలేము. యాప్‌లోనే "కాల్ పరీక్షించండి" అనే బొత్తం పెట్టి, నొక్కి స్క్రీన్ ఆర్పగానే సర్వర్ నుంచి నిజమైన పుష్ వచ్చి మోగేలా చేయండి. మోగకపోతే ఆ మోడల్‌కు తగిన సెట్టింగు ఎక్కడుందో తెలుగులో, తెర చిత్రాలతో చూపించండి. నేను చూసినంతలో వినియోగదారుల ఫిర్యాదులను ఇంతగా తగ్గించే మార్పు మరొకటి లేదు.

పుష్ పంపడం వేరు, ఫోన్ మోగడం వేరు

ఏపీఎన్‌ఎస్ గాని ఎఫ్‌సీఎం గాని విజయమని జవాబిస్తే, సందేశాన్ని వారు స్వీకరించారని మాత్రమే అర్థం. తపాలా పెట్టెలో ఉత్తరం పడినంత మాత్రాన చేరవలసినవారికి చేరినట్టు కాదు కదా. పుష్ పంపగానే పిలిచినవారి తెర మీద "మోగుతోంది" అని చూపించే యాప్‌లు చాలా ఉన్నాయి. అవతల ఫోన్ స్విచాఫ్‌లో ఉన్నా అలాగే చూపిస్తాయి. దీని బదులు, అవతలి ఫోన్‌లోని యాప్ మేలుకుని కాల్ తెర చూపించాక సర్వర్‌కు ఒక చిన్న కబురు పంపాలి. అది అందేదాకా పిలిచినవారికి "కలుపుతోంది" అని మాత్రమే చూపించాలి.

ఈ కబురుతో అసలు ప్రయోజనం వేరే ఉంది. ఎనిమిది పది సెకన్లలో కబురు రాకపోతే ఆ ఫోన్‌కు పుష్ అందలేదని సర్వర్‌కు తెలిసినట్టే. అప్పుడు మామూలు ఫోన్ కాల్‌కో ఎస్ఎంఎస్‌కో మళ్లవచ్చు. వైద్యుడు రోగిని పిలిచే సందర్భంలో, గేటు దగ్గర మనిషి నిలబడి ఉన్న సందర్భంలో ఈ మళ్లింపు లేని యాప్‌ను పూర్తయిన యాప్‌గా నేను లెక్కించను. వ్యాసం మొదట్లో అడిగిన రెండో ప్రశ్నకు, అంటే ఎత్తకపోతే ఏమి చేస్తాడన్నదానికి, జవాబు ఇక్కడే కోడ్‌గా మారుతుంది.

ఒకే వ్యక్తికి రెండు మూడు పరికరాలు ఉన్నప్పుడు కాల్ స్థితిని సర్వరే నిర్ణయించాలి: మోగుతోంది, ఎత్తారు, వద్దన్నారు, రద్దయింది, సమయం దాటింది. ఇద్దరు ఒకే క్షణంలో ఎత్తితే మొదటివారికే కాల్ ఇచ్చి, రెండోవారి తెర మీద "వేరే ఫోన్‌లో ఎత్తారు" అని చూపించి ఆపాలి. ఫోన్లు తమలో తాము ఈ సంగతి తేల్చుకోవాలని వదిలేస్తే ఎప్పటికీ తేలదు.

పుష్‌లో ఏమి పెట్టాలన్నదానిలోనూ నిగ్రహం కావాలి. ఆ సందేశం ఆపిల్, గూగుల్ సర్వర్ల మీదుగా వెళుతుంది, లాక్ స్క్రీన్ మీద పక్కవారికి కూడా కనిపిస్తుంది. రోగి పేరు, జబ్బు, వార్డు వంటివి అందులో ఉండరాదు. కాల్ సంఖ్య, పిలిచినవారి ప్రదర్శన పేరు చాలు. వ్యక్తిగత సమాచారంపై 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం ఉంది గనుక ఆసుపత్రులు ఈ ప్రశ్న అడగడం ఖాయం.

సొంతంగా కట్టుకోవడమా, ఎస్‌డీకేనా, ఎస్‌ఐపీయా

లైవ్‌కిట్, జిట్సీ వంటి ఓపెన్ సోర్స్ సాధనాలు మాటను, చిత్రాన్ని చేరవేస్తాయి. ఫోన్‌ను మోగించే పని మీదే. డబ్బు తీసుకునే ఎస్‌డీకేలలో కొన్ని మోగించడం కూడా చూసుకుంటాయి, కొన్ని చూసుకోవు. ధర పట్టిక చూసే ముందు పుష్‌కిట్ ఉందా, రద్దు ఎలా వస్తుంది, రెండో పరికరంలో ఎత్తితే ఏమవుతుంది, ఒక కాల్ ఎందుకు మోగలేదో చూసుకోవడానికి లాగ్ ఇస్తారా అని అడగండి. ఇద్దరు ముగ్గురే ఉన్న బృందం, గడువు రెండు నెలలలోపు ఉంటే, ఈ నాలుగింటికీ సరిగ్గా జవాబిచ్చే ఎస్‌డీకే కొనుక్కోవడమే తెలివైన పని. కాల్ నిమిషాలు పెరిగి బిల్లు భారమైనప్పుడు మాటను చేరవేసే భాగాన్ని సొంతానికి మార్చుకోవచ్చు. మోగించే భాగం మీ చేతిలో ఉంటేనే ఆ మార్పు సులభం. కాబట్టి పుష్ టోకెన్లు, కాల్ స్థితి మీ సర్వర్‌లోనే ఉండేలా మొదటి నుంచీ చూసుకోండి.

ఆఫీసులోనో ఆసుపత్రిలోనో ఇప్పటికే ఆస్టరిస్క్ వంటి ఎస్‌ఐపీ ఎక్స్ఛేంజీ (ఎస్‌ఐపీ అంటే ఇంటర్నెట్ మీద కాల్స్ కలిపే ప్రమాణం) ఉంటే ఇంకొక దారి ఉంది. ఎస్‌ఐపీకి పుష్‌ను జోడించే ప్రమాణాన్ని 2019లో ఆర్‌ఎఫ్‌సీ 8599గా ప్రకటించారు. దాని ప్రకారం ముందు నిలబడిన ప్రాక్సీ, అంటే మధ్యవర్తి సర్వర్, కాల్‌ను కాసేపు ఆపి, పుష్‌తో ఫోన్‌ను లేపి, అది మళ్లీ రిజిస్టర్ అయ్యాక కాల్‌ను అందిస్తుంది. కమాయిలియో, ఫ్లెక్సీఎస్‌ఐపీ వంటి ప్రాక్సీలతో ఈ పని చేయవచ్చు. బల్ల ఫోన్లు, యాప్ రెండూ ఒకే పిలుపుకు మోగవలసిన చోట ఇది బాగుంటుంది. ఎస్‌ఐపీ తెలిసినవారు బృందంలో లేకపోతే మాత్రం ఈ దారి ఎక్కవద్దు.

నాలుగు సందర్భాలకూ నేనైతే

రేణిగుంట క్యాబ్‌కు నంబర్ మాస్కింగ్‌తో మామూలు ఫోన్ కాల్. లాడ్జి రిసెప్షన్‌కు ఛార్జర్ మీద ఉన్న ట్యాబ్లెట్, తెరిచి ఉన్న సాకెట్. ఈ రెండింటి గురించి నాకు సందేహం లేదు.

చిత్తూరు వైద్యుడి విషయంలో ముందే అనుకున్న సమయానికి జరిగే సంప్రదింపులే ఎక్కువైతే మామూలు నోటిఫికేషన్‌తో మొదలుపెట్టి, సమయానికి అయిదు నిమిషాల ముందు ఎస్ఎంఎస్ కూడా పంపితే చాలు. వైద్యుడు తనకు వీలైనప్పుడు పిలుస్తాడు, రోగి పొలం పనిలో ఉన్నా ఎత్తాలి అన్నప్పుడు ఐఫోన్‌కు పుష్‌కిట్, కాల్‌కిట్, ఆండ్రాయిడ్‌కు డేటా సందేశం, కాల్ స్టైల్, కబురు రాకపోతే ఫోన్ కాల్‌కు మళ్లింపు, ఇవన్నీ కావాలి. కుప్పం వంటి సరిహద్దు ప్రాంతాలలో ఫోన్ ఒక్కోసారి కర్ణాటక, తమిళనాడు వైపు టవర్లకు మారుతుంది, ఆ కొద్ది సెకన్లను తట్టుకునేలా సందేశం ఆయుష్షు ఉంచాలి.

అపార్ట్‌మెంట్ గేటుకు అన్నిటికన్నా గట్టి ఏర్పాటు అవసరం, ఎందుకంటే వచ్చిన మనిషి ఎండలో నిలబడి ఉంటాడు, వాచ్‌మన్ ముప్పై సెకన్లకు మించి ఆగడు, ఇంట్లో ఎవరు ఖాళీగా ఉన్నారో ముందుగా తెలియదు. ఇంట్లోని ఫోన్లన్నీ ఒకేసారి మోగాలి, ఒకరు ఎత్తగానే మిగిలినవి ఆగాలి, పది సెకన్లలో ఒక్క ఫోన్ నుంచీ కబురు రాకపోతే ఇంటి యజమాని నంబరుకు మామూలు కాల్ వెళ్లాలి. ఇక్కడ ఖర్చు తగ్గించుకోవడానికి మామూలు నోటిఫికేషన్‌తో సరిపెట్టిన ఏర్పాట్లు కొన్ని వారాలలోనే వాడకం తప్పి, వాచ్‌మన్ మళ్లీ తన సొంత ఫోన్ తీయడం చూశాను.

విడుదలకు ముందు పరీక్ష

ఆఫీసులో టేబుల్ మీద, వైఫై కింద, కేబుల్ తగిలించి ఉన్న ఫోన్‌లో కాల్ మోగిందంటే దాదాపు ఏమీ తేలనట్టే, ఎందుకంటే ఛార్జింగ్‌లో ఉన్న ఫోన్ డోజ్‌లోకి పోదు. రాత్రంతా కదలకుండా వదిలిన ఫోన్‌కు తెల్లవారుజామున కాల్ చేయండి. అంత ఓపిక లేకపోతే ఏడీబీ (కంప్యూటర్ నుంచి ఆండ్రాయిడ్ ఫోన్‌ను నడిపే సాధనం) ఆదేశంతో డోజ్‌ను బలవంతంగా తెప్పించవచ్చు. సిమ్ కాల్ నడుస్తుండగా చేయండి. ఫ్లైట్ మోడ్‌లో పెట్టి, కాల్ చేసి రద్దు చేసి, తరువాత ఫ్లైట్ మోడ్ తీసి, ఏదీ మోగలేదని నిర్ధారించుకోండి. ఫోన్ ఆపి మళ్లీ వెలిగించి, ఒక్కసారి కూడా అన్‌లాక్ చేయకముందే చేయండి. ఆ స్థితిలో యాప్ దాచుకున్న లాగిన్ వివరాలు చదవలేకపోవడం ఉంటుంది. ఒకరు అలిపిరి నుంచి తిరుమల బస్సులో కూర్చుని, ఇంకొకరు కింద నుంచి పిలుస్తూ ఉంటే ఘాట్ అంతటా మీ మళ్లింపు ఎలా పనిచేస్తుందో ఒక్క ప్రయాణంలో తెలుస్తుంది. ఐఫోన్‌లో డెవలప్‌మెంట్ టోకెన్‌ను ప్రొడక్షన్ సర్వర్‌కు పంపితే చెల్లని టోకెన్ అన్న జవాబు వస్తుంది గనుక, పరీక్ష కోసం యాప్‌ను పంచే ఆపిల్ వారి టెస్ట్‌ఫ్లైట్ ద్వారా పంచిన బిల్డ్‌తో మళ్లీ ఒకసారి అన్నీ చూసుకోవాలి.

ఇప్పటికే మామూలు నోటిఫికేషన్‌తో యాప్ నడుపుతున్నవారు అన్నీ ఒకేసారి మార్చనక్కరలేదు. ముందుగా సందేశాల ఆయుష్షు సరిచేయండి, అది సర్వర్‌లో ఒక్క విలువ మార్పు. తరువాత ఫోన్ మోగిందన్న కబురును చేర్చి రెండు వారాలపాటు లెక్క చూడండి. ఏ మోడళ్లలో, ఏ వేళల్లో పుష్ అందడం లేదో అప్పుడు తెలుస్తుంది. ఆ లెక్క చూసి, ఐఫోన్ వారు ఎక్కువగా తప్పిపోతుంటే పుష్‌కిట్ పనితో, ఆండ్రాయిడ్ వారు తప్పిపోతుంటే డేటా సందేశం, కాల్ ఛానెల్, పరీక్ష బొత్తం పనితో మొదలుపెట్టండి.